ప్రైమర్ దగ్గరే ఆపేశాను

మల్లేశన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నార్సింగిలో కట్టబోయే అపార్ట్‌మెంట్ల చిన్న నమూనాను పొద్దున బిల్డర్‌కి అప్పగించాను. దానికి రంగు వెయ్యలేదన్నా. బద్ధకించి, రంగుకు ముందు కొట్టే బూడిదరంగు ప్రైమర్ దగ్గరే ఆపేశాను.

"ప్రైమర్ కొట్టేది మన తప్పులు మనకు కనబడనీకేరా. కనబడ్డంక రుద్దాలె, గప్పుడే రంగు" అనేవాడివి, నాకు ఈ పని నేర్పేటప్పుడు. నాలుగో అంతస్తు బాల్కనీ కింద ఒక గీత నాకు కనబడింది. రుద్దలేదు.

బిల్డర్ మాత్రం మురిసిపోయాడు. "ఈ ఫినిషింగ్ భలే కొత్తగా ఉందండీ! ఎవరు నేర్పారు?" అని అడిగాడు.

తడుముకోకుండా నీ పేరు చెప్పాను.

నమూనా మీద ఆ పేరు కూడా రాయమన్నాడు. రేపు వెళ్లి రాయాలి. ఖాళీ చోటు ఆ గీత పక్కనే ఉందన్నా.

నీ శీను