తీతువు ఎందుకు అరిచింది

ఇబ్రహీంపట్నం,
శుక్రవారం

పెద్దబాపుకు,

ఎదురుగా చెబితే "నీకేం తెల్వదు, ఊకో" అని లేచిపోతావు. అందుకే రాస్తున్నాను. బడి కమిటీ పెద్దవు నువ్వు, అదే బడిలో వాలంటీరు టీచర్ని నేను.

నిన్న బడితోటలోకి వచ్చి, "గా తీతువు అరిస్తే ఎవరో ఒకరు పోతరు. సోమారం ట్రాక్టర్ పెట్టి దున్నిస్త" అన్నావు. వంకాయ మళ్ల పక్కన రాళ్ల నేలమీద దాని గుడ్లు నాలుగున్నాయి. ఐదో తరగతి పిల్లలు పద్దెనిమిది రోజులుగా వాటిని గమనిస్తున్నారు. ఇంకో పది రోజుల్లో పిల్లలవుతాయి.

అది అరిచినప్పుడల్లా ఎవరొచ్చారో, ఎన్ని అడుగుల దూరంలో ఉన్నారో నోట్‌బుక్‌లో రాస్తున్నారు. లెక్కలు, సైన్సు, తెలుగు, మూడూ నేను అందులోనే చెబుతున్నాను. కుక్క వస్తే అరిచింది, మేకలు వస్తే అరిచింది, నేను దగ్గరికి పోతే నా నెత్తిమీద తిరిగి మరీ అరిచింది. ఊరికే ఒక్కసారీ అరవలేదు. మన వీధిలో శివయ్య తాత చనిపోయిన రోజు మాత్రం పొద్దంతా నోరు విప్పలేదు.

ట్రాక్టర్ వస్తే దాని ముందు నేను నిలబడతాను. నన్ను తీసేయిస్తే తీసేయించు. కానీ ఆ నోట్‌బుక్ రాసేది నీ మనవరాలు హరిణి. నిన్నటి వరుసలో ఇలా రాసింది: "పదకొండు అడుగులు. మా తాత వచ్చిండు. గుడ్లు తొక్కుతడని పిట్ట భయపడ్డది."

సోమవారం వరుసలో ఏం రాయాలో హరిణికి నువ్వే చెప్పు.

నీ తమ్ముడి బిడ్డ