ఇంజను మోత

అన్నయ్య అపెనిసాకు,

పెద్దమనిషినైనప్పటి నుంచి మన పద్ధతి ప్రకారం నీతో ముఖాముఖి మాట్లాడలేదు. నువ్వు వాకిట్లోకి వస్తే నేను వంటింట్లోకి తప్పుకుంటాను. కాగితం మీద మాట్లాడొద్దని మాత్రం ఏ పెద్దలూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. తప్పయితే చించెయ్.

నీ మేనకోడలు లొసాలిని బడికి పోనంటోంది. రేవు దాటాక హైస్కూలుకు తీసుకెళ్లే బండి డ్రైవరు, వానొస్తే చాలు, ఎవరో ఒక ఆడపిల్లను ముందు సీట్లోకి పిలుస్తాడట. "గేరు మార్చే వంకతో వాడి చెయ్యి నా మోకాలి మీదే ఉంటుందమ్మా" అంది. నడిచి పొమ్మందామంటే వాగులు పొంగుతున్నాయి. వాళ్ల నాన్నకు అసలు సంగతి చెప్పలేక, బండంటే భయపడుతోందన్నాను. "అయితే మానెయ్యమను, దాలో దుంపల తోటలో పని లేదా" అన్నాడు. సోమవారం నుంచి పరీక్షలు.

నేను బడి మానింది బద్ధకంతో కాదన్నయ్యా. అప్పుడూ ఒక బండి ఉండేది. నువ్వు అడగకూడదు, నేను చెప్పకూడదు. నా కూతురి నోరు కూడా అలాగే మూతపడుతుందేమోనని భయంగా ఉంది.

నౌసోరి సంతకు పోయే నీ పడవ హైస్కూలు ముందు నుంచే పోతుంది. అంతకంటే అడగడానికి చెయ్యి రావడం లేదు. ఈ ఉత్తరం లొసా చేతికే ఇస్తున్నాను.

నీ చెల్లెలు,
ఉనైసి


చెల్లీ ఉనైసీ,

నీ ఉత్తరం విప్పేలోపే నీ కూతురు పని కానిచ్చేసింది. వాకిట్లో నిలబడి, "మావయ్యా, ఆ పడవ నాది. ఇంజనుతో సహా" అంది. మీ వదిన నవ్వి, "పెట్రోలు డబ్బా కూడా పట్టుకుపోవే, మీ మావయ్యనూ పట్టుకుపో" అంది. మేనమామ సొత్తు ఏదైనా తనదేననే వసు హక్కుతో మేనకోడలు అడిగింది కాదంటే ఏ మేనమామైనా ఊళ్లో తలెత్తుకోగలడా? ఇక నేను ఆవిడగారి పడవ నడిపేవాణ్ణి. జీతం బత్తెం లేవట.

ఆ తర్వాత ఉత్తరం చదివాను. నువ్వు మానేశాక నీ పుస్తకాల సంచి చాన్నాళ్లు గుంజకు వేలాడింది. దాన్ని చూసినప్పుడల్లా ఎందుకు మానావో అడగాలనిపించేది. ఈరోజు ఏడుపొచ్చింది.

లొసా పేరు బయటపెట్టకుండా డ్రైవరు సంగతి ఊరిపెద్దకు చెప్పాను. సోమవారం ఇద్దరం హెడ్‌మాస్టరును కలుస్తాం. మన ఊరి ఆడపిల్లలందరినీ పడవెక్కమను.

నువ్వూ రా. ముందు బల్ల మీద కూర్చో, వెనక్కి తిరగకు. నేను వెనక ఇంజను దగ్గరుంటాను, మీ వదిన మనిద్దరి మధ్యా కూర్చుంటుంది. పిల్లల్ని దింపి తిరిగొచ్చేటప్పుడు, అప్పుడు చెప్పలేనిది చెప్పాలనిపిస్తే చెప్పు. ఆ ఇంజను మోతలో ఎవరు మాట్లాడారో, ఎవరు విన్నారో ఊరికేం తెలుస్తుంది.

నీ అన్న,
అపెనిసా