డయల్ కింది పిట్ట

చేతి గడియారాలు బాగుచేసే నేను, మా అబ్బాయి అనుకుంటున్నట్టు మతి తప్పి కాక, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా, నా తదనంతరం అమలు కావడానికి రాసిన వీలునామా ఇది. అమలుపరచే బాధ్యత, నా పక్కన కూర్చుని పని నేర్చిన నా కూతురిది.

1. నా స్వార్జితమైన కొట్టు, పనిముట్లు సర్వహక్కులతో కూతురికి. కంటికి పెట్టుకునే భూతద్దం కూడా. దాని అంచు మొదట్లో గుచ్చుకుంటుంది తల్లీ, తర్వాత అలవాటవుతుంది.

2. వెనక గది మా అన్నయ్యకు. నాతోపాటే ఈ పని నేర్చి, నాన్నతో మాటామాటా పెరిగి ఇల్లు వదిలిన మనిషి. పోయాడని కబురొస్తే అందరం నమ్మి, ఏడ్చి ఊరుకున్నాం. తర్వాత చాలా ఏళ్ళకు, పాత సామాను కొనే ఆయన ఒక చేతి గడియారం తెచ్చాడు.

డయల్ మీద ఒక కంపెనీ పేరుంది. విప్పి, లోపల అటూ ఇటూ ఊగే బాలెన్స్ చక్రం కింద నంబరు చూస్తే మెషీను వేరే కంపెనీది. ముళ్ళు ఇంకొకరివి. దాని పుట్టిల్లు ఏదంటే ముగ్గురి గడపలు చూపించాలి. ఇలా కలిపి నడిపించడం అన్నయ్యకు మహా సరదా. బాగుచేసినవాళ్ళం వెనక మూత లోపల మా గుర్తు, సంవత్సరం గీస్తాం. అన్నయ్యది పిట్ట, నాది గింజ. "గింజ వేస్తే చాలు, వీడెక్కడున్నా వాలిపోతాడు" అని నాన్న నవ్వేవాడు. మూతలో పిట్ట ఉంది. పక్కనున్న సంవత్సరం, మేం ఏడ్చి ఊరుకున్న తర్వాతది.

నిన్ను ఒక్కసారి చూడాలని ఉంది అన్నయ్యా.

3. అబ్బాయికి గోడ గడియారం. నన్ను సంతోషపెట్టాలని అన్నయ్య చేతి గడియారం మూత లోపల కూడా పాలిష్ పట్టి, పిట్టను చెరిపేశాడు. పైగా "నీకలా కనిపించి ఉంటుందిలే అమ్మా" అన్నాడు. మూతలు మారిపోతాయని అన్నయ్య డయల్ కింద కూడా గీసేవాడని అప్పుడు గుర్తొచ్చింది. ఊడదీసి చూపించాను. ఉంది, సంవత్సరంతో సహా. కోపం పోయిందని అబద్ధం రాయను బాబూ. ప్రేమ మాత్రం తగ్గలేదు.

4. పిట్ట ఉన్న ఆ చేతి గడియారం అమ్మకూడదు, ఆగకూడదు. కొట్టు ముందు అద్దాల బీరువాలో ఉండాలి. ఎవరైనా వచ్చి నేనే మీ మేనమామను అన్నా, ఆయన పిల్లలమన్నా కాగితాలు అడగొద్దు తల్లీ. రేకు ముక్క ఇచ్చి గుర్తు గీయమను. పిట్ట గీస్తే గది తాళం ఇచ్చెయ్యి. గడియారం కూడా చేతికిచ్చి, డయల్ ఊడదీయమను. పిట్ట ముక్కు దగ్గర గింజ వేసి ఉంచాను.

నవంబరు పద్నాలుగు.

చేవ్రాలు: వాచీలమ్మ (పక్కన నా గింజ)

సాక్షులు: పక్క కొట్టు కళ్ళద్దాల ఆయన, ఎదురింటి టైలరమ్మ