రెండు తుపాకుల మీద పచ్చ టేపు

ఖతీఫ్,
శుక్రవారం మధ్యాహ్నం

సుజాతక్కకు,

తమ్ముడు రవీందర్ నీ కాళ్ళకు దండం పెట్టి రాస్తున్నాను. నువ్వు, పాప, అత్తమ్మ బాగున్నారనుకుంటున్నాను. అత్తమ్మకు మోకాళ్ళ వాపు తగ్గిందా? పాపకు జ్వరం మళ్ళీ రాలేదు కదా? నేను బాగానే ఉన్నాను. ఎప్పుడూ చెప్పినట్టు 'మేమిద్దరం బాగున్నాం' అని మాత్రం ఈసారి రాయలేను.

ఫోను ఉండగా ఉత్తరమెందుకని అనుకుంటావు. ఫోనులో చెబుదామని నాలుగైదు సార్లు మొదలుపెట్టాను. నీ గొంతు వినగానే మాట మార్చేశాను. మా గదిలో ఉండే కోరుట్ల రాజన్న సెలవు మీద రేపు మన దేశానికి బయలుదేరుతున్నాడు, ఇది ఆయన చేతికిస్తున్నాను. బావ వచ్చే గురువారం హైదరాబాదులో దిగుతాడు. ఆయన గడపలోకి రాకముందే నీకు తెలియాలి.

ముందే చెబుతున్నాను, బావ ప్రాణానికి ఏమీ కాలేదు. తింటున్నాడు, నడుస్తున్నాడు. భయపడకు. కానీ కంట్లో దుమ్ము పడి చిన్న ఆపరేషన్ అయిందని మేము చెప్పింది అబద్ధం. వీడియోలో ఎందుకు కనబడడని నువ్వు అడిగినప్పుడు ఫోను కెమెరా పాడైందన్నదీ అబద్ధమే. బావకు ఎడమ కన్ను పోయింది. అది పోవడంలో నా తప్పు ఉంది.

అంతా మొదటి నుంచి చెబుతాను, నిదానంగా చదువు.

ఆటల హాల్లో మెకానిక్‌నంటే మీరంతా పిల్లల రైళ్ళు, ఊయలలు అనుకున్నారు. నేనూ సరిచేయలేదు. ఇది ఒకప్పటి ఫర్నిచర్ గోదాము. ప్లైవుడ్ గోడలు నిలబెట్టి గదులు, సందులు చేశారు. లోపల రెండు జట్లు తుపాకులతో ఆడుకుంటాయి. ఎయిర్‌సాఫ్ట్ అంటారు. చూడటానికి అచ్చం మిలిటరీ వాళ్ళ తుపాకీలా ఉంటుంది గానీ లోపల మందు ఉండదు. స్ప్రింగు గాలిని నెడితే బఠాణీ గింజంత ప్లాస్టిక్ గోళీ దూసుకొస్తుంది. ఒంటికి తగిలితే చురుక్కుమంటుంది, అంతే. కంటికి తగలకూడదు. అందుకే కళ్ళద్దాలు లేకుండా ఎవరినీ లోపలికి పోనివ్వరు. ఆ తుపాకులు బాగుచేయడం నా పని.

రాస్ తనూరాలో బావ చేసే పని అయిపోయినప్పుడు ఈ హాలుకు తీసుకొచ్చింది నేనే. ఆట నడుస్తుంటే లోపల తిరుగుతూ ఎవరు అవుటో చెప్పడం ఆయన పని. ఇనుప గొట్టాలెక్కి ఎండలో మాడే పని తప్పింది, ఏసీలో ఉంటాడని నువ్వెంత సంబరపడ్డావో నాకు గుర్తుంది.

రెండు నెలల కింద పాత తుపాకులు అరిగిపోయాయి. కొత్తవి ఏవి కొనాలో చూడమని మా మేనేజరు ప్రభాకర్ సార్ నన్ను దుకాణానికి తీసుకుపోయాడు. ఆయనది వరంగల్. బావ కూడా వచ్చాడు. దుకాణంవాడు బల్ల మీద మూడు రకాలు పెట్టాడు. సార్ కళ్ళు పొడుగు తుపాకీ మీదే ఉన్నాయి.

"గిది చేతుల వట్టుకుంటే సోల్జర్ లెక్క ఉన్నది రవీ. వచ్చెటోళ్ళు గిసొంటిదే అడుగుతున్నరు," అన్నాడు.

"బయట మైదానంల అయితే గదే మంచిది సార్. మన గదులు పదడుగులు గూడ లేవు. మూల తిరుగుతుంటే మనిషి కంటె ముందు గొట్టం కనవడ్తది. దీని స్ప్రింగు గూడ గట్టిది. గంత దగ్గరికెల్లి కొడితే తోలు లేస్తది."

గ్యాసుతో నడిచే పిస్తోలు చిన్నదే, చేతిలో బాగా ఇమిడింది. కానీ వేడెక్కితే గ్యాసు ఒత్తిడి పెరిగి గోళీ వేగం పెరుగుతుంది. మా హాల్లో ఏసీ ఎన్నిసార్లు ఆగుతుందో లెక్కే లేదు. వేగం ఒక్క తీరుగా ఉండని తుపాకీని లోపలికి పంపలేనన్నాను. చివరికి బ్యాటరీతో నడిచే పొట్టి తుపాకీ ఎంచుకున్నాను. తేలిక, మెత్తని స్ప్రింగు, ఎడమచేతి వాటం వాళ్ళకూ పనికొస్తుంది, ఒక్కసారి నొక్కితే ఒక్క గోళీయే వచ్చేలా బిగించుకోవచ్చు. మొదటి గోళీ నా అరచేతి మీదే కొట్టుకుని చూశాను.

బావ పక్కనే నిలబడి నవ్వాడు. "పిల్లను జూసినట్టే జూస్తున్నవు గద బామ్మర్దీ! ఇంక ముహూర్తం ఎప్పుడు?" అన్నాడు. నేను ఎంచిన దాంట్లో తప్పు లేదక్కా. ఇప్పటికీ అదే చెబుతాను. తప్పు తర్వాత జరిగింది.

ఒక సోమవారం పది తుపాకులు వచ్చాయి. బయటి నుంచి చూస్తే పదీ ఒక్క లాగే ఉన్నాయి. ఒక్కోదాన్నీ వేగం కొలిచే యంత్రం ముందు పెట్టి ఐదుసార్లు పేల్చాలి. సెకనుకు తొంభై మీటర్లు దాటకపోతే పచ్చ టేపు చుట్టాలి. పచ్చ టేపు లేనిది లోపలికి పోకూడదు. ఈ నియమం నేనే పెట్టి, గోడ మీద నేనే రాశాను.

ఎనిమిది కొలిచాను. అన్నీ ఎనభై, ఎనభై ఐదు దగ్గరే ఉన్నాయి. ఇంతలో రాస్ తనూరా నుంచి ఒక ఆఫీసు వాళ్ళు పది మంది గంట ముందే దిగారు. ప్రభాకర్ సార్ తలుపు దగ్గర నిలబడి, "అయిందా రవీ? అయిందా?" అని రెండుసార్లు అడిగాడు. అప్పుడే యంత్రంలో బ్యాటరీ అయిపోయింది. కొత్తది పైన స్టోరులో ఉంది. ఎక్కి దిగితే ఐదు నిమిషాల పని.

"అయింది సార్," అన్నాను. మిగిలిన రెండింటికీ పచ్చ టేపు చుట్టి ఇచ్చేశాను.

దుకాణంలో సరుకు చాలక ఆ రెండూ గట్టి స్ప్రింగువి పంపారు, బయట మైదానాల్లో ఆడేవి. ఆ సంగతి తర్వాత తెలిసింది. తర్వాత కొలిస్తే నూట ముప్పై చూపించింది.

ఆట మొదలై పావుగంట అయి ఉంటుంది. రెండో గది మూలలో బావ ఒకతన్ని అవుటని చెయ్యెత్తి చూపిస్తున్నాడు. సందులోంచి తిరిగిన ఇంకొకతను ఆ చెయ్యి చూసి ఎదుటి జట్టువాడనుకుని పేల్చాడు. మధ్యలో రెండంగల దూరం. బావ కళ్ళద్దాలు పెట్టుకునే ఉన్నాడక్కా, ఇది బాగా గుర్తుపెట్టుకో. అవి హాలు తెరిచిన రోజుల నాటి చవకరకం. గోళీ అద్దాన్ని పగలగొట్టింది. ఆ ముక్క కంట్లో దిగింది.

మా దగ్గర విజిల్ రెండుసార్లు ఊదితే ఆట ఆపాలని అర్థం. ఆ రోజు విజిల్ ఆగకుండా మోగింది. నేను పరుగెత్తుకుంటూ పోయేసరికి, ఒక చేత్తో కన్ను మూసుకుని మోకాళ్ళ మీద కూర్చుని ఊదుతున్నది బావే. ఇంకెవరికీ ఏమీ కాకూడదని, ఆఖరి మనిషి తుపాకీ కింద పెట్టేదాకా ఊదుతూనే ఉన్నాడు. వేళ్ళ సందుల్లోంచి రక్తం విజిల్ మీదికి కారుతోంది.

ఆసుపత్రిలో భీమవరం వైపు నుంచి వచ్చిన మేరీ అనే నర్సు ఉంది. ఆపరేషన్ అయ్యాక నన్ను బయటికి పిలిచింది.

"మీరాయనకి ఏమవుతారండీ?"

"బామ్మర్దిని."

"డాక్టరుగారు ఇంగ్లీషులో మెల్లగా చెబుతారు గానీ, నేను తెలుగులో చెప్పేత్తానండి, మీకు అర్థమవుద్ది. ఆ కంటికి చూపు రాదండి. రెండో కన్నుకి ఏం కాకుండా కాపాడుకోవాలిప్పుడు. ఏడవాలంటే ఇక్కడే ఏడ్చేసి లోపలికెళ్ళండి."

ఏడవలేదు. నా చేతులకు ఇంకా టేపు జిగురు అంటుకుని ఉంది. దాన్నే గీక్కుంటూ కూర్చున్నాను.

మూడో రోజు ప్రభాకర్ సార్ ఒక కాగితం తెచ్చాడు. "గిండ్ల మీ బావ గంగారాం కళ్ళద్దాలు తీసిండని రాసినం. సాక్షి సంతకం నువ్వు పెట్టు," అన్నాడు.

"ఆయన తియ్యలేదు సార్."

"నాకెరుక. గిట్ల రాస్తెనే హాలు ఉంటది, నీ కొలువు ఉంటది. లేకుంటే ముందుగాల అడిగేది నిన్నే. గా రెండింటికి టేపు ఎవరు సుట్టిండ్రని."

ఆయన చెడ్డవాడు కాదక్కా. ఆయనకూ ఇక్కడ భార్యాపిల్లలున్నారు. ఆ కాగితం ఒక రోజంతా నా జేబులో పెట్టుకుని తిరిగాను. సంతకం పెడితే బావ కన్ను బావ తప్పు వల్లే పోయినట్టు. నేను ఏమీ చేయనట్టు. పెడదామనే అనుకున్నాను, నీ దగ్గర దాచను. పెన్ను కూడా తీశాను.

మర్నాడు పొద్దున ఆసుపత్రికి పోయి బావకు చెప్పేశాను. ఆయన పైకప్పు వైపే చూస్తూ విన్నాడు.

"కొలవలేదా?" అన్నాడు.

"లేదు బావా."

"రెండిట్ల ఒక్కటి గూడ?"

"లేదు."

గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అటు నుంచి నేరుగా ఆఫీసుకు పోయి ఆ కాగితం వాపసు ఇచ్చాను. విచారణకు వచ్చిన ఆఫీసరు ముందు జరిగింది జరిగినట్టు హిందీలో చెప్పాను. ఒక బంగ్లాదేశీ అతను అరబ్బీలోకి మార్చి చెప్పాడు. కళ్ళద్దాలు ఉన్నాయనీ, తుపాకులు కొలవనిది నేనేననీ రాసి సంతకం పెట్టాను. ప్రభాకర్ సార్ నా ముఖం చూడలేదు.

ఆ సాయంత్రమే పేల్చిన అతను ఆసుపత్రికి వచ్చాడు. పేరు హసన్, ఆ ఆఫీసులో చేస్తాడు గానీ ఖతీఫ్ మనిషే, కుర్రవాడు. వాళ్ళమ్మ పంపిన అన్నం గిన్నె చేతిలో పెట్టుకుని తలుపు దగ్గరే ఏడుస్తూ నిలబడ్డాడు. బావ చెయ్యి చాచి దగ్గరికి పిలిచాడు. తనకొచ్చిన నాలుగు అరబ్బీ ముక్కల్లోనే, "మాఫీ ముష్కిల్, మాఫీ ముష్కిల్," అని వీపు నిమిరాడు. ఏం పరవాలేదని. నేను అదే గదిలో ఉన్నాను. నా వైపు తిరగలేదు.

అలా తొమ్మిది రోజులు. రెండో కంట్లో చుక్కల మందు నేనే వేసేవాణ్ణి. తల వెనక్కి వాల్చేవాడు, మందు పడ్డాక తిప్పుకునేవాడు, ఒక్క మాట లేదు. టీ ఇస్తే తాగేవాడు. తిట్టు బావా, కొట్టు బావా అన్నాను. ఖాళీ గ్లాసు నా చేతికిచ్చాడు. పదో రోజు కట్టు తీసి అద్దం ఇచ్చారు. చాలాసేపు చూసుకున్నాడు. అప్పుడు అన్నాడు, "మీ అక్కకు నువ్వే చెప్పు. నేను జెప్తె నిన్ను కాపాడనీకి ఏదో ఒక అబద్ధం ఆడుత. నాతోని కాదు."

అందుకే ఈ ఉత్తరం.

నిజం బయటికి వచ్చాక ఇన్సూరెన్సు వాళ్ళు బావ కేసు ఒప్పుకున్నారు, ఇంటికి పోవడానికి ఎక్జిట్ కాగితం కూడా వచ్చింది. హాలు మళ్ళీ తెరిచారు. కొత్త కళ్ళద్దాలు వచ్చాయి, మందపాటివి. నన్ను అక్కడి నుంచి తీసేశారు. మాకు వీసా ఇచ్చిన యజమాని, మా కఫీల్‌కు, ఇక్కడికి చాలా దూరాన హాయిల్ దగ్గర కూరగాయల తోటలున్నాయి, నీళ్ళ మోటార్లు చూసుకోవడానికి అక్కడికి పంపుతున్నాడు. తెలుగు మనిషి ఒక్కడు కూడా లేడట. నా గురించి బెంగపడకు. తిండికి లోటుండదు. బాగానే ఉంటాను.

అక్కా, కొన్ని పనులు నీ మీద పెడుతున్నాను. రెండో కన్ను నెలనెలా చూపించమని డాక్టరు గట్టిగా చెప్పాడు, నిజామాబాదు తీసుకుపో. బావ కాయితాలు సంచీలో అడుగున పెట్టాను. అత్తమ్మకు ముందే చెప్పి ఉంచు, చూడగానే గుండెలు బాదుకుంటే ఆయన తట్టుకోలేడు. పాప భయపడితే కోప్పడకు. బావ గ్లాసులో నీళ్ళు పోసుకుంటే పక్కన పోతున్నాయి, దూరం అందడం లేదు. నవ్వకండి, గబుక్కున సాయమూ చేయకండి. తనే నేర్చుకుంటున్నాడు.

అత్తమ్మకు దండాలు. పాపకు ముద్దులు. పెద్దనాయనకు నా మాట చెప్పు. చిన్నప్పటి నుంచి నీ దీవెన అడగకుండా ఉత్తరం ముగించలేదు, ఇప్పుడు ఆ మొఖం లేదు. తిట్టడానికైనా సరే, ఒక్కసారి ఫోన్ చెయ్. నువ్వు మాట్లాడకపోయినా తప్పనను.

ఇంకొకటి. ఎయిర్‌పోర్టులో ఆయనకు కుడి పక్కన నిలబడు. ఎడమ వైపు నుంచి ఎవరు వచ్చి ముట్టుకున్నా చెయ్యి అడ్డం పెట్టుకుంటున్నాడు. నువ్వే ముట్టుకున్నా అలాగే చేస్తాడు. నువ్వు నొచ్చుకోకు.

నీ తమ్ముడు,
రవీందర్