చియుహె వండిన పీతలు

అమ్మాయి రూయింగ్‌కు, ఛ్వాన్‌జౌ నుంచి అమ్మ దీవెనలు. నా ఒంట్లో బాగానే ఉంది.

ఎల్లుండి పెనాంగ్‌కు, మన ఇంటికి బయలుదేరుతున్నాను. టీ ఆకు, అల్లుడికి పట్టు చొక్కా కొన్నాను. బజార్లన్నీ తిరగడం అయ్యాక ఇవాళ నా చిన్ననాటి స్నేహితురాలు చియుహె ఇంటికి వెళ్ళాను. నా కోసం పీతలు వండింది. నేనేమో దారిలో కడుపునిండా నూడుల్స్ తిని వెళ్ళాను.

"ఊరంతా మేసి, నా ఇంటికి ఆకలి లేకుండా వచ్చావుటే?" అని నవ్వుతూనే, వణికే చేతులతో గుల్ల ఒలిచి లోపలి కండ నా గిన్నెలో వేసింది. నేనెప్పుడు వెళ్ళినా, తిరిగి బయలుదేరేటప్పుడు గుమ్మం దగ్గర "మళ్ళీ ఎప్పుడే?" అనేది. ఈసారి అనలేదు. వస్తానని నాకూ నోరు రాలేదు. ఈ బజార్లు మాని, ముందే వెళ్ళి ఈ రోజులన్నీ ఆమె దగ్గరే ఉండవలసింది.

పిల్లవాడి దగ్గు తగ్గిందా? నా పరుపు ఎండలో వెయ్యి. చియుహె ఎలా ఉందని మాత్రం రాగానే అడక్కు, నేనే చెబుతాను. అందరూ చల్లగా ఉండండి.

అమ్మ