నిజమైన రాయి మీద ఊపిరి నిలవదు

బజారులో అందరూ రాళ్ళ మాస్టారు అని పిలిచే వజ్రాల పరీక్షకుడి భార్యనైన నేను, డెబ్భై ఒకటో ఏట, ఎవరి ఒత్తిడీ ప్రోద్బలమూ లేకుండా, మతి స్థిమితంగా ఉండి, నా ఇష్టప్రకారం రాస్తున్న వీలునామా ఇది. ప్రస్తుతం నాకు ఊపిరి కూడా ఆడుతోంది. అనుమానం ఉన్నవాళ్ళు స్టీలు గ్లాసు తెచ్చి చూసుకోవచ్చు. దీన్ని అమలుపరిచే బాధ్యత మా చిన్న ఆడపడుచుది. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు, ఇంటిల్లిపాదీ వాగుడుకాయ అనే పిలుస్తారు. అయినా ఆమెనే నమ్ముతున్నాను. ఎందుకో మూడో నిబంధనలో ఉంది.

1. ఈ ఇంట్లో నా పేరనున్న సగం వాటా, కుట్టుమిషను నా ఒక్కగానొక్క కూతురికి చెందాలి. మిషను తొక్కేటప్పుడు పట్టేస్తుంది. నూనె వెయ్యాలి గానీ దాన్ని తన్నకూడదు.

2. నా నాలుగు బంగారు గాజులు మా తోటికోడలికి చెందాలి. పెళ్ళయిన మూడో ఏడు నాకు విషజ్వరం వచ్చింది. ఒళ్ళు కదలదు, కన్ను తెరుచుకోదు, నోరు పెగలదు. చెవులు మాత్రం శుభ్రంగా పనిచేశాయి. డాక్టరు ఇంకా రాలేదు. మా ఆయన నా వేలి వజ్రపుటుంగరం తీసి నా ముక్కు దగ్గర పెట్టారు. రాయి మసకబారలేదట. "పోయింది" అన్నారు. ఆ మాట వినగానే మా తోటికోడలు, "గాజులు ఇప్పుడే లాగెయ్యండి, చెయ్యి బిగుసుకుపోతే మళ్ళీ రావు" అని సబ్బు తెచ్చింది. అత్తగారు ఏడుస్తూనే, "వాడి వయసెంతని, ఏడాది తిరక్కుండా ఇంకో సంబంధం చూడాలి" అన్నారు. దానికి ఆయన ఔననలేదు, కాదనలేదు. అక్కా, ఈసారి గాజులు రాసే ఇచ్చాను, కంగారుపడకు. సబ్బు నీదే తెచ్చుకో.

3. వంటింట్లో పై అరలో ఉన్న సొట్ట స్టీలు గ్లాసు మా చిన్న ఆడపడుచుకు చెందాలి. ఆ రోజు నా నోట్లో నాలుగు నీటిచుక్కలు పోద్దామని తెచ్చి, ఏం తోచిందో ఏమో, నీళ్ళు పారబోసి ఖాళీ గ్లాసు నా ముక్కు కింద పెట్టింది. "అన్నయ్యా! గ్లాసు మసకబారింది, వదిన బతికే ఉంది!" అని ఇల్లెగిరిపోయేలా అరిచింది. గ్లాసు చేతిలోంచి జారి సొట్టపడింది కూడా అప్పుడే. ఆడపడుచు అర్ధమొగుడంటారు. నా వరకు ఆ అర్ధమే ప్రాణం నిలబెట్టింది.

4. నా దగ్గర చూడటానికి ఒకేలా ఉండే ఉంగరాలు రెండున్నాయి. ఒకటి అసలు వజ్రం. రెండోది దొంగల భయానికి ఆయనే చేయించిన నకిలీ జత. అమ్మడూ, అసలుది రంగులు తక్కువ చిమ్ముతోందని నువ్వు పెదవి విరిచావు. వెర్రిదానా, రాయిలోకి వెళ్ళిన వెలుగు రంగులుగా విడిపోయి బయటికొస్తుంది, నువ్వు చూసే మెరుపులు అవే. అసలుది ముందు తెల్లగా మెరుస్తుంది, ఆ తెలుపు మధ్య నుంచి ఓ ఎరుపు రవ్వ, ఓ నీలం రవ్వ వదులుతుంది. ఏ పక్కకి తిప్పినా ఇంద్రధనుస్సు కుమ్మరిస్తోందంటే అనుమానించు. అలాగని కంటితోనే తేల్చేశానని మురిసిపోకు. ల్యాబులో పరీక్ష చేయించి కాగితం తీసుకో.

ఇంకో చిన్న పరీక్ష ఉంది. రాయి మీద ఊదితే, నకిలీ అయితే ఆ మసక కాసేపు నిలుస్తుంది. వజ్రం వేడిని ఇట్టే లాగేస్తుంది కాబట్టి దాని మీద ఊపిరి నిలవదు. పెళ్ళయిన కొత్తలో ఆయన నాకు సరదాగా నేర్పిన మొదటి పాఠం ఇదే.

ఇప్పుడు అర్థమైందా తల్లీ? బతికున్న మనిషి ముక్కు దగ్గరైనా, చచ్చిన మనిషి ముక్కు దగ్గరైనా వజ్రం చెప్పేది ఒకటే. రోజంతా రాళ్ళ మీద ఊదడమే పనైన మనిషికి ఇది తెలియదా? కంగారులో మరిచిపోయారా, తెలిసే పెట్టారా? అప్పటి నుంచీ ఈ ప్రశ్న నాతోనే ఉంది. జవాబంటే భయం వేసి అడగలేదు.

మీ నాన్న నన్ను పల్లెత్తు మాట అనలేదు. జ్వరం తగ్గేదాకా నాకు ముద్దలు కలిపి పెట్టింది ఆయనే. కానీ ఈనాటికీ మధ్యాహ్నం ఓ కునుకు తీసి కళ్ళు తెరిస్తే ఆయన ముఖం నా ముఖం మీదికి వంగి ఉంటుంది. చూపంతా నా ముక్కు మీదే. ఏమిటండీ అంటే ఏం లేదంటారు. ఊపిరి ఆగిపోతుందేమోనని చూస్తున్నారో, ఇంకా ఆగలేదేమని చూస్తున్నారో తెలియదు. నిద్రంటేనే భయమైపోయింది నాకు.

5. డాక్టరు వచ్చి, చూసి, సంతకం పెట్టేదాకా నన్ను మంచం మీద నుంచి కదపకూడదు. ఎవరు తొందరపెట్టినా సరే.

6. డాక్టరు వెళ్ళాక, ఈ కాగితం చిన్న ఆడపడుచు తప్ప ఇంకెవరూ చదవకముందే, ఆమె మా ఆయన్ని తప్ప అందరినీ గదిలోంచి పంపేసి కిటికీ రెక్కలు తెరవాలి. తెల్ల పళ్ళెంలో రెండు ఉంగరాలూ పెట్టి, "అన్నయ్యా, వదిన ఊపిరి ఒక్కసారి చూడు" అనాలి. అంతకుమించి ఒక్క ముక్క మాట్లాడకూడదు. ఏది అసలో ఏది నకిలీయో ఆ మెరుపులు చూసి ఆయన గుమ్మంలోంచే చెప్పగలరు. ఏ ఉంగరం తీసి నా ముక్కు దగ్గర పెడితే అది ఆయనకు చెందాలి, మిగిలింది కూతురికి. ఒకవేళ ఏ రాయీ ముట్టకుండా తన చెంప ఆనిస్తే, రెండూ ఆయనకే.

ఒసే వాగుడుకాయా, ఆయన ఏం చేశారో తర్వాత ఊరంతా చెప్పుకో, నేనేమీ అనను. కానీ అందరికంటే ముందు నాకు చెప్పు. వంగి నా చెవిలో చెప్పు. పోయినదానికి ఏం వినపడుతుందిలే అనుకోకు. ఒకసారి అందరూ పోయిందన్నాక కూడా నేను అన్నీ విన్నాను.

తేదీ: జూన్ పద్నాలుగు, శనివారం.

(సంతకం)
రాళ్ళ మాస్టారి భార్య

ఆమె ఇది చదువుకుని మా ఎదుట సంతకం చేశారు. సాక్షులు:
1. కింది అంతస్తు పళ్ళ డాక్టరమ్మ
2. ఎదురింటి లెక్కల టీచరు