కంప్యూటర్ల కాసిన కొత్త మామిడికాయ

వాగొడ్డుగూడెం,
మార్చి 2007

ఖమ్మంల పిల్లలకు కంప్యూటర్ నేర్పే రిజ్వాన్ సారుకు, వనజ తాత జంపయ్య దండాలు పెట్టి రాసేది.

సారూ, ఇక్కడ అందరం బాగనే ఉన్నం. బాగలేనిది ఒక్కటే. హాస్టల్ల చదువుకునే మా మనవరాలు ఆదివారాలు నీ కాడికొస్తదని తెలుసు. మొన్న ఉత్తరం రాసింది, "తాతా, సారు కాడ బుట్టెడు మామిడికాయలు తిన్న, ఇంకా తినేదాన్ని గని కరెంటు పోయింది" అని. కరెంటు పోతే నోరు మూతపడుతదా? మాకాడ ముత్యాలమ్మకు కాయ పెట్టి పండుగ చేసేదాకా కొత్త మామిడికాయ ఎవ్వరూ నోట్ల పెట్టరు. ఆ పండుగ దినం చెప్పే పెద్దను నేను. నా మనవరాలే గిట్ల చేస్తే నా ముఖం ఏడ పెట్టుకోవాలె? పిల్లను తోలుకపోను వస్త.

ఇట్లు,
జంపయ్య

తా.క.: కాయలకు టెంక పట్టిందా?

---

ఖానాపురం హవేలి, ఖమ్మం

జంపయ్య గారికి రిజ్వాన్ సలాం.

తోబా! పెద్దాయనా, అవి తినే కాయలు కావు. కంప్యూటర్ ఆటల బొమ్మకాయలు. ఉత్త పాఠం చెప్తే పిల్లలు ఆవులిస్తరు. అందుకే ఆట తయారుచేసుడు నేర్పుతున్న. "గిట్లైతే గిది చెయ్యి, గట్లైతే గది చెయ్యి" అని రాసిస్తే కంప్యూటర్ అట్లనే నడుస్తది. దాన్నే ప్రోగ్రాం అంటరు. వనజ సొంతంగ ఒకటి రాసింది. అందుల ఒక పోరి అడవిల తిరుగుతది, మామిడికాయ తింటే బలమొస్తది, ఎలుగుబంటి వస్తే ఉరుకుతది. ఇక్కడి పిల్లలందరికీ ఇప్పుడు అదే ఆట. దయచేసి తోలుకపోకండి. ఇంత తెలివిగల పిల్ల నాకు మళ్ళ దొరకదు.

మీ రిజ్వాన్

తా.క.: ఆ కాయలతోని ఎవ్వరి కడుపూ నిండదు. క్లాసు కాంగనే అందరూ మిరపకాయ బజ్జీల బండి మీద పడతరు.

---

రిజ్వాన్ సారుకు జంపయ్య మళ్ళ రాసేది.

నీ ఉత్తరం మా ఇంటిది భీమక్కకు చదివి వినిపిచ్చిన. "తింటే బలమొస్తదంటుండు గదా, బలమిచ్చేది కాయ కాకపోతే ఏంది?" అన్నది. పైగా ఆటల అడవి మనదే, వాగు మనదే అని వనజ రాసింది. మన అడవైతే మన కట్టుబాటు ఉండొద్దా? బొమ్మే గదా అని ఊకుంటే రేపు నిజంది గూడ బొమ్మే అయితది. ఆ పిల్ల అక్కడుంటే మావన్నీ మరిచిపోతది, నాకు అదే భయం. ఆదివారం వస్తున్న. దాని సంచి సర్ది ఉంచమను.

జంపయ్య

తా.క.: ఎలుగుబంటిని చూసి ఉరుకుతరా? ఉరికినోన్నే అది పడతది. గిది నేర్పింది నువ్వేనా?

---

జంపయ్య గారికి,

ఆదివారంలోపు అందాలని ఈ ఉత్తరం బస్సు డ్రైవర్ చేతికిచ్చి పంపుతున్న. మొన్న సెలవు దినం వచ్చినప్పుడు మీ ఉత్తరం చూసి వనజ బాగ ఏడ్చింది. మీమీద కాదు, తనమీద తనకే కోపం. కండ్లు తుడుచుకొని ప్రోగ్రాంల ఒక్క లైను పెట్టింది: పండుగ కాకపోతే కాయ చేతికందదు. ఇగ చూడండి తమాషా! ఆటల పోరికి తిండి లేదు, బలం లేదు, ఎవ్వరి ఆటా ముందుకు పోతలేదు. "పండుగ ఎప్పుడక్కా?" అని మా బిడ్డ ఆతియా అడిగితే, "నేను చెప్పేది కాదు, తాత చెప్పాలె" అన్నది వనజ. ఏదో ఒక తారీఖు పెట్టమ్మా అని నేను బతిమాలిన. సారు అని గూడ చూడలే, కసిరింది. అందుకే మిమ్మల్నే అడుగుతున్న. పండుగ ఎప్పుడు? పిల్లలు రోజూ వచ్చి నా ప్రాణం తీస్తున్నరు.

మీ రిజ్వాన్

తా.క.: ఎలుగుబంటిని గూడ మార్చింది. ఇప్పుడు ఉరికితే పట్టుకుంటది. పిల్లలందరూ ఊపిరి బిగబట్టి, కదలకుండ కూసుంటున్నరు. అది చూసిన తల్లిదండ్రులు ఏం క్రమశిక్షణ అని నన్ను మెచ్చుకుంటున్నరు.

---

రిజ్వాన్ సారుకూ పిల్లలకూ జంపయ్య దీవెనలు.

బస్సెక్కుదామని పోతే నీ ఉత్తరం చేతికొచ్చింది, ఆడనే చదువుకొని ఇంటికి మళ్ళిన. ఒక మాట చెప్త సారూ. మా ఊర్ల ఇప్పుడు కాయలకు పూత మీదనే బేరమైతున్నది. పోరగాండ్లు తెంపుకుంటనే తింటున్నరు. పండుగ దినం నేను చెప్తనే ఉన్న, వినేటోళ్ళు లేరు. "ఎప్పుడు తాతా?" అని నన్ను అడిగి చానా ఏండ్లాయె. వనజ మరిచిపోతదని భయపడ్డ. మరిచింది ఇక్కడోళ్ళు. ఆ పిల్ల ఖమ్మంల కూసొని, నేనెవరో తెలువని పిల్లలను నా మాట కోసం ఆపి ఉంచింది. భీమక్క చూస్తదని పెరట్లకు పోయి ఏడ్చిన.

పండుగ వచ్చే బుధవారం. వనజను పంపు, అమ్మకు కాయ దాని చేతులతోనే పెట్టిస్త. మళ్ళ నేనే తోలుకొచ్చి నీ కాడ దించుత. అప్పటిదాకా ఒక్కరిని గూడ తిననియ్యకు.

మీ పిల్లలందరి తాత,
జంపయ్య

తా.క.: ఆ ఒక్క లైను మా ఊరోళ్ళకు గూడ రాయొస్తదేమో, వనజను అడుగు.